ఫిలిప్పీన్స్‌కి మిషన్ కాల్ వచ్చిందా? అక్కడ రోజులు ఇలా నడుపుకోండి

మత ప్రచార సేవకు సంఘం పిలిచే కాల్ లెటర్ తెరిచిన రోజు ఇంట్లో అందరూ ఫోన్ చుట్టూ మూగుతారు. చప్పట్లు, ప్రార్థన, స్వీట్లు. అసలు ప్రశ్నలు మర్నాడు మొదలవుతాయి. అక్కడ బట్టలు ఎవరు ఉతుకుతారు? పప్పు దొరుకుతుందా? అమ్మతో ఎన్నాళ్లకోసారి మాట్లాడొచ్చు? ముక్కూ మొహం తెలియని మనిషితో ఒకే ఇంట్లో రాత్రీ పగలూ ఎలా వేగాలి? పాఠాలు ఎలా చెప్పాలో చర్చి నేర్పుతుంది. ఇవి మాత్రం వెళ్లొచ్చినవాళ్లను పట్టుకుని అడగాల్సిందే. నేను లూజోన్ దీవిలో, తగలోగ్ మాట్లాడే ఊళ్లలో సేవ చేసి వచ్చాను కాబట్టి అక్కడి సంగతులే చెప్తాను. వేరే దేశానికి వెళ్లేవాళ్లు తిండి, భాష భాగాలు వదిలేసి మిగతాది వాడుకోవచ్చు.

సంఘం గురించి తెలియని చదువరుల కోసం కాస్త నేపథ్యం. బయట అందరూ ‘మోర్మన్లు’ అనే మమ్మల్ని పూర్తి పేరుతో, అంటే యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘం అని పిలవమని అప్పటి అధ్యక్షుడు రస్సెల్ ఎం. నెల్సన్ 2018లో కోరారు. అబ్బాయిలు 24 నెలలు, అమ్మాయిలు 18 నెలలు జీతం లేకుండా సేవ చేస్తారు. ఎక్కడికి పంపాలో సంఘ నాయకులే నిర్ణయిస్తారు, మనం కోరుకోవడానికి ఉండదు. తెలుగువాళ్లకు ఇది కొత్తేమీ కాదు. సమోవాలో ఉద్యోగం చేస్తూ సంఘంలో చేరిన ధర్మరాజు గారి కుటుంబం 1978లోనే హైదరాబాద్ వచ్చి మిషన్ సేవ చేసింది. 2012లో దేశంలో మొదటి స్టేక్ (కొన్ని వార్డులు, అంటే స్థానిక సంఘాలు, కలిసిన విభాగం) హైదరాబాద్‌లోనే ఏర్పడింది. ఫిలిప్పీన్స్‌లో 1961లో మిషనరీలు పని మొదలుపెడితే ఇప్పుడు సభ్యులు 8 లక్షలు దాటారు. అందుకే అక్కడ వార్డులు నిండుగా ఉంటాయి, కొత్త మిషనరీని ఆదుకునే చేతులు చాలా ఉంటాయి.

1. బయలుదేరక ముందే తేల్చుకోవాల్సినవి

మొదట పాస్‌పోర్టు చూసుకోండి. మనలో చాలామందికి ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, లేదా సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటుంది. వీసా కాగితాల దగ్గర అది చిక్కు తెస్తుంది. పైగా మిషన్‌లో మిమ్మల్ని పిలిచేది ఆ ఇంటిపేరుతోనే: అబ్బాయిలైతే ఎల్డర్ ఫలానా, అమ్మాయిలైతే సిస్టర్ ఫలానా. ఛాతీ మీద నల్ల బ్యాడ్జ్‌పై ఉండేదీ అదే. అప్లికేషన్ పెట్టకముందే సరి చేయించుకోండి.

పళ్ల డాక్టర్ దగ్గరికి నిజంగా వెళ్లండి. అప్లికేషన్‌లో పళ్ల పరీక్ష కాగితం ఎలాగూ అడుగుతారు. కానీ సంతకం కోసం వెళ్లడం వేరు, పుచ్చు పళ్లు నింపించుకోవడం వేరు. ఊరు కాని ఊళ్లో జ్ఞానదంతం నొప్పితో మెట్లు ఎక్కి దిగడం చూడలేం.

చదువు సంగతి ఇంట్లో పెద్ద గొడవ. ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో వదిలి వెళ్తానంటే ఏ నాన్న ఒప్పుకుంటారు? నా అభిప్రాయం అడిగితే, ఇంటర్ అయిన వెంటనే వెళ్లండి, లేదా డిగ్రీ పట్టా చేతికొచ్చాక వెళ్లండి. మధ్యలో వదిలితే తిరిగొచ్చేసరికి సిలబస్ మారిపోయి, బ్యాచ్ వెళ్లిపోయి నానా తిప్పలు. అబ్బాయిలు 18 నుంచి 25 ఏళ్ల లోపు వెళ్లొచ్చు కాబట్టి తొందరేమీ లేదు.

డబ్బు విషయం మొహమాటం లేకుండా మీ వార్డు పెద్ద అయిన బిషప్‌తో కూర్చుని మాట్లాడండి. అమెరికా కుటుంబాలు కట్టే నెలవారీ మొత్తం 2020 జూలై నుంచి 500 డాలర్లు. మన దగ్గర అంత కట్టమని ఎవరూ అనరు. కుటుంబం ఎంత ఇవ్వగలదో అది ఇస్తుంది, మిగతాదానికి సంఘం నిధి సాయం చేస్తుంది. నాన్నగారు అప్పు చేసి పంపించాల్సిన అవసరం లేదు. ఆయన పక్కనుండగానే బిషప్ నోట ఆ మాట చెప్పించండి, ఇంట్లో సగం టెన్షన్ అక్కడే తీరిపోతుంది.

సామాన్లలో పొట్టి చేతుల తెల్ల చొక్కాలు, ఇస్త్రీ పెద్దగా అక్కర్లేని ప్యాంట్లు, గట్టి బూట్లు రెండు జతలు. సిస్టర్స్‌కి కాటన్ స్కర్టులు. 2018 డిసెంబరు నుంచి ప్యాంట్లు కూడా వేసుకోవచ్చు, దోమలున్న చోట అవే నయం. కందిపొడి, కారప్పొడి, చింతకాయ పచ్చడి గట్టిగా ప్యాక్ చేసి చెక్-ఇన్ బ్యాగులో పెట్టండి. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి వద్దు. బయటి దేశాల మాంసం సరుకుల మీద అక్కడి విమానాశ్రయంలో ఆంక్షలున్నాయి, అమ్మ చేసి ఇచ్చింది చెత్తబుట్టలో పడితే ప్రాణం ఉసూరుమంటుంది. ఒక చిన్న ప్రెషర్ కుక్కర్ మాత్రం ఎలాగైనా పట్టించండి.

2. ఎమ్‌టీసీలో భాష పట్టుకోండి

ఎమ్‌టీసీ అంటే మిషనరీల శిక్షణ కేంద్రం. అది మనీలా నగరప్రాంతంలోని కేసోన్ సిటీలో, 1984లో ప్రతిష్ఠించిన మా సంఘపు మనీలా దేవాలయం దగ్గరే ఉంటుంది. భాషను బట్టి కొన్ని వారాలు అక్కడ ఉంటారు. ఉత్తర లూజోన్‌కు పంపితే ఇలోకానో, సెబూ, దవావో వైపు పంపితే సెబువానో, ఇలోయిలో వైపు హిలిగాయ్‌నోన్ అవసరమవుతాయి. తగలోగ్ వస్తే దేశమంతా సరిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి.

అసలు ప్రమాదం ఏమిటంటే ఫిలిప్పీన్స్‌లో ఇంగ్లీష్ చాలామందికి అర్థమవుతుంది. దాంతో మనం ఇంగ్లీష్‌లోనే కాలక్షేపం చేసేస్తాం. వాళ్లు మర్యాదకు తల ఊపుతారు, లోపలికి ఏమీ వెళ్లదు. కాబట్టి మొదటి రోజు నుంచే తప్పులతో మాట్లాడండి. ప్రార్థన, మీ పరిచయం, మీ విశ్వాసం గురించి చెప్పే సాక్ష్యం, ఈ మూడూ కంఠతా వచ్చేలా చూసుకోండి. కొత్త వార్డుకు వెళ్లిన మొదటి ఆదివారమే లేచి నాలుగు మాటలు చెప్పమనే అవకాశం ఎక్కువ.

పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు మాటల్లో ‘పో’ చేర్చడం మరిచిపోకండి. మనం ‘అండీ’ అంటాం చూడండి, అలాగే. అది లేకుండా ఎంత చక్కటి వ్యాకరణంతో మాట్లాడినా పొగరుబోతులా వినిపిస్తారు.

3. దినచర్యకు ఒళ్లు అలవాటు చేసుకోండి

మామూలుగా ఉదయం 6:30కి లేవాలి. అరగంట వ్యాయామం, స్నానం, టిఫిన్. ఆ తర్వాత సొంతంగా లేఖనాల చదువు, కంపానియన్‌తో (జంటగా ఉండే తోటి మిషనరీతో) కలిసి చదువు, భాష చదువు. ఉదయం పది ప్రాంతంలో బయటికి వెళ్తే మధ్యలో భోజనానికి ఒక గంట. రాత్రి తొమ్మిదికల్లా ఇల్లు చేరాలి, పాఠం మధ్యలో ఉంటే అరగంట వెసులుబాటు. పదిన్నరకు దీపాలు ఆర్పేయాలి. 2017 నుంచి ఈ టైమ్‌టేబుల్‌లో కొంత సర్దుబాటు చేసుకునే వీలు ఇచ్చారు. ప్రాంతాన్ని బట్టి మిషన్ ప్రెసిడెంట్ (అక్కడి మిషనరీలందరికీ పెద్ద) మారుస్తారు.

కాగితం మీద తేలిగ్గానే ఉంటుంది. ఒంటికి మాత్రం మొదటి నెల నరకం. ఇంట్లో రాత్రి పన్నెండు దాకా ఫోన్ చూసే అలవాటుంటే బయలుదేరడానికి రెండు నెలల ముందు నుంచే పదిన్నరకు పడుకోవడం మొదలుపెట్టండి.

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా ఎండ మండిపోతుంది, జనం కునుకు తీస్తుంటారు. ఆ సమయంలో తలుపులు కొట్టుకుంటూ తిరగడం వల్ల ఒరిగేదేమీ ఉండదు. వార్డు సభ్యులకు సాయం చేయడం, ముందే మాట తీసుకున్న ఇళ్లకు వెళ్లడం, ఫోన్‌లో సందేశాలు పంపడం ఆ వేళకు పెట్టుకోండి. సాయంత్రం ఐదు తర్వాత గంట ఒక్కటి పగటి మూడు గంటలతో సమానం, ఎందుకంటే ఇంటి పెద్దలు అప్పుడే పని నుంచి వస్తారు.

ప్రతి రాత్రీ పడుకునే ముందు మర్నాటి ప్లాన్ వేసుకోవాలి. ప్రతి గంటకూ ఒక పేరు, ఆ పేరు కుదరకపోతే దగ్గర్లోనే ఇంకో పేరు. రెండో పేరు రాసుకోని జంటలే రోడ్ల మీద ఊరికే తిరుగుతూ కనిపిస్తాయి.

నెలలో మొదటి ఆదివారం ఉపవాసం, రెండు పూటలు. ఎండలో తిరిగే రోజు కాబట్టి శనివారం రాత్రి నీళ్లు బాగా తాగి పడుకోండి.

4. కంపానియన్‌తో బతకడం నేర్చుకోండి

మిషన్ అంటే బయట మనుషులకు బోధించడమే అనుకుని వెళ్తారు. వెళ్లాక తెలిసేది ఏమిటంటే, అందులో ఎక్కువ భాగం పక్కనున్న మనిషితో బతకడమే. స్నానాల గదికి తప్ప ఎక్కడికీ ఒంటరిగా వెళ్లకూడదు. ఒకరికొకరు కనిపిస్తూ, వినిపిస్తూ ఉండాలి. మీరు ఎంచుకున్న మనిషి కాదు, మీకు నచ్చకపోతే మార్చుకోవడానికీ లేదు. ఆరు వారాలకోసారి ట్రాన్స్‌ఫర్లు వస్తాయి. అప్పుడు ప్రెసిడెంట్ మార్చితే మారతారు, లేకపోతే ఇంకో ఆరు వారాలు. మొదటి కంపానియన్‌ని ట్రైనర్ అంటారు, ఆయనతో సాధారణంగా 12 వారాలు.

చేరిన రాత్రే నాలుగు విషయాలు తేల్చుకోండి: వంట ఎవరు ఎప్పుడు, సరుకుల డబ్బు ఎలా, ఫ్యాన్ ఎటు తిప్పాలి, అలారం ఎవరిది. నవ్వొస్తుందేమో గానీ నేను చూసిన జంటల్లో సిద్ధాంతాల మీద గొడవ పడ్డవాళ్లు లేరు, ఫ్యాన్ మీద మాత్రం చాలామంది పడ్డారు.

తర్వాత మనిషి తీరు గమనించండి. ఫిలిపినో కంపానియన్‌కి కోపం వస్తే అరవడు. మాట తగ్గించేస్తాడు, అలుగుతాడు. ‘ఏమైంది?’ అంటే ‘ఏం లేదు’ అంటాడు. అక్కడ వదిలేస్తే మూడు రోజులు అలాగే నడుస్తుంది. సాయంత్రం దారిలో అరటికాయ ముక్కలు పంచదారలో వేయించి పుల్లకు గుచ్చి అమ్ముతారు. అవి రెండు కొని ఒకటి చేతిలో పెట్టి, నడుస్తూ మళ్లీ అడగండి. అమెరికా నుంచి వచ్చినవాడైతే దీనికి పూర్తిగా తిరగేసి ఉంటాడు. ‘నువ్వు పాత్రలు సరిగ్గా తోమలేదు’ అని మొహం మీదే అంటాడు, మరు నిమిషంలో మరిచిపోతాడు. దాన్ని అవమానంగా తీసుకుని మనం వారం రోజులు మోస్తూ తిరగడం దండగ.

మన వైపు నుంచి దిద్దుకోవాల్సింది గొంతు. గోదావరి జిల్లాల ఇళ్లలో మామూలు సంభాషణే దెబ్బలాటలా వినిపిస్తుంది. ఫిలిప్పీన్స్‌లో నలుగురి ముందు గొంతు పెంచడం చాలా పెద్ద అవమానం. కంపానియన్ పాఠంలో తప్పు చెప్పినా అక్కడే సరిచేయకండి. బయటికి వచ్చాక, వీధి మలుపు తిరిగాక చెప్పండి.

వారానికోసారి ప్లానింగ్ తర్వాత ఇద్దరూ కూర్చుని ఒకరి గురించి ఒకరు మాట్లాడుకునే పద్ధతి ఉంది. చాలామంది దీన్ని మొక్కుబడిగా కానిచ్చేస్తారు. అలా చేయకండి. ఒక మెచ్చుకోలు, ఒక ఇబ్బంది, అంతే చాలు. పదిహేను నిమిషాల పని, కానీ ఆరు వారాలు ప్రశాంతంగా గడవడానికి దీన్ని మించింది లేదు.

కొన్ని హద్దులున్నాయి, వాటిలో బేరం లేదు. ఫోన్ స్క్రీన్ ఒకరిది ఒకరు చూడొచ్చు. ఒంటరిగా ఉన్న స్త్రీ ఇంట్లోకి ఎల్డర్స్ వెళ్లకూడదు, గుమ్మం బయటే మాట్లాడి మళ్లీ వస్తామని చెప్పాలి. పిల్లలతో ఒంటరిగా ఉండకూడదు. అన్నట్టు, ఏడు వేల పైచిలుకు దీవుల దేశంలో ఉంటారు గానీ సముద్రంలో దిగడానికి వీల్లేదు. మిషనరీలకు ఈత నిషేధం. ఒడ్డున నిలబడి ఫోటో దిగండి.

కంపానియన్ నియమాలు దాటుతున్నాడనుకోండి, ముందు అతనితో, తర్వాత డిస్ట్రిక్ట్ లీడర్‌తో (కొన్ని జంటల బాధ్యత చూసే మిషనరీతో), అవసరమైతే ప్రెసిడెంట్‌కి రాసే వారపు ఉత్తరంలో చెప్పండి. ఇది చాడీ కాదు. అతను మిమ్మల్ని కొట్టినా, బెదిరించినా మాత్రం ఈ వరస ఏదీ పాటించకుండా నేరుగా ప్రెసిడెంట్‌కి ఫోన్ చేయండి.

5. గేటు దగ్గర

అక్కడ తలుపు తట్టరు. గేటు బయట నిలబడి ‘తావో పో!’ అని పిలుస్తారు. లోపలికి రమ్మంటే చెప్పులు గుమ్మం దగ్గర విడవాలి, ఇది మనకు చెప్పక్కర్లేదు. ఇంట్లో పెద్దవాళ్లుంటే ‘మానో పో’ అంటూ వాళ్ల చేతిని తీసుకుని మన నుదుటికి ఆనించుకోవాలి. పాదాలకు దండం పెట్టే దేశం నుంచి వచ్చాం కాబట్టి మనకు ఇట్టే అలవాటవుతుంది. విదేశీ కుర్రాడు ఈ పని చేస్తే ముసలమ్మల మొహం వికసిస్తుంది.

ఇప్పుడు తెలుగువాళ్లకే ఎదురయ్యే ఒక సంగతి. ఫిలిప్పీన్స్‌లో భారతీయుల్ని మామూలు జనం ‘బుంబాయ్’ అంటారు. మోటారు సైకిల్ మీద వీధి వీధీ తిరిగి చిన్న వ్యాపారులకు అప్పులిచ్చి వసూలు చేసుకునే మనవాళ్లు, ముఖ్యంగా పంజాబీలు, అక్కడ దశాబ్దాలుగా ఉన్నారు. ఐదు ఇచ్చి ఆరు తీసుకుంటారు కాబట్టి ఆ వ్యాపారాన్ని ‘ఫైవ్-సిక్స్’ అంటారు. అన్నం తినకపోతే బుంబాయ్ ఎత్తుకుపోతాడని పిల్లల్ని భయపెట్టే తల్లులూ ఉన్నారు. అలాంటిది, గోధుమరంగు మొహంతో ఒక కుర్రాడు గేటు దగ్గర నిలబడి పిలిస్తే లోపలి నుంచి ‘ఆయన ఇంట్లో లేరు’ అన్న జవాబే వస్తుంది.

దీనికి కుంగిపోవద్దు, కోప్పడొద్దు. కొత్త వీధిలో మొదట కంపానియన్‌ని పిలవనివ్వండి. బ్యాడ్జ్ కనిపించేలా నిలబడండి, సంచి చొక్కాకు అడ్డం రాకూడదు. తగలోగ్‌లో ‘నేను అప్పు వసూలుకు రాలేదండీ, ఊరికే పలకరించడానికి వచ్చాను’ అని నవ్వుతూ అనడం నేర్చుకోండి. ఇంటిల్లిపాదీ పగలబడి నవ్వుతారు, గేటు తెరుచుకుంటుంది. మిగతా మిషనరీలకు లేని ఉపాయం ఇది. పిల్లలు వీధిలో బుంబాయ్ అని అరిస్తే చెయ్యి ఊపి వాళ్ల పేర్లు అడగండి. వారం తిరిగేసరికి వాళ్లే మీకు ఇళ్లు చూపిస్తారు.

భోంచేస్తున్న ఇంటి ముందు నుంచి వెళ్తే ‘కాయిన్ తాయో’, అంటే తిందాం రండి అంటారు. అది ఎక్కువసార్లు మర్యాద. ‘బుసోగ్ పా పో’, ఇంకా కడుపు నిండుగానే ఉందండీ అని చెప్పి సాగిపోవచ్చు. రెండోసారి, మూడోసారి బలవంతం చేస్తే నిజంగా పిలుస్తున్నట్టు. అప్పుడు కూర్చోండి.

వద్దన్న మనిషికి ధన్యవాదాలు చెప్పి వచ్చేయండి. ఎక్కువమంది కాథలిక్కులు, మతం అంటే గౌరవం ఉన్నవాళ్లు, మొహం మీద తలుపు వేసేవాళ్లు అరుదు. అసలు కష్టం ఇంకొకటి: కాదనడం ఇష్టం లేక ‘అలాగే, ఆదివారం వస్తాం’ అంటారు, రారు. ఆ మాటను పట్టుకుని ఆశలు పెంచుకోకండి. ఆదివారం ఉదయం మీరే వెళ్లి వెంట తీసుకొస్తే వచ్చేవాళ్లు వస్తారు.

6. తిండి

మూడు పూటలా అన్నమే. ఆ ఒక్క విషయంలో మీరు అమెరికా ఎల్డర్ కన్నా హాయిగా ఉంటారు. కారం మాత్రం ఉండదు. బికోల్ ప్రాంతం తప్పిస్తే కూరలు పుల్లగా, తియ్యగా, ఉప్పగా ఉంటాయి. సినిగాంగ్ అనే పులుసు చింతపండుతో చేస్తారు. అన్నంలో పోసుకుంటే చారన్నం తిన్నట్టే ఉంటుంది, మొదటి వారం ఇది ప్రాణం నిలబెడుతుంది.

బజారుకు వెళ్తే పేర్లే కొత్త, సరుకు మనదే. మలుంగాయ్ అంటే మునగాకు, కాంగ్‌కోంగ్ తూటికూర, తాలోంగ్ వంకాయ, అంపలాయా కాకరకాయ, తుయో ఎండు చేప. కందిపప్పు వీధి దుకాణాల్లో దొరకదు. పెసలు దొరుకుతాయి, వాటిని మోంగో అంటారు. కుక్కర్ తెచ్చుకోమన్నది ఇందుకే. రాత్రి పెసలు నానబెట్టి అల్లం, పచ్చిమిర్చి వేసి రుబ్బితే పెసరట్టు. మిక్సీ లేకపోతే వార్డులో ఎవరింట్లోనైనా అడగండి, ఒక అట్టు ఇచ్చి రండి. మనీలా, దవావోల్లో మన మెడిసిన్ విద్యార్థులు చాలామంది ఉన్నారు కాబట్టి అక్కడ భారతీయ దుకాణాల్లో కందిపప్పు, ఆవాలు, ఇంగువ దొరుకుతాయి. పీ-డే (వారంలో సొంత పనులకు వదిలే రోజు) నాడు వెళ్లే వీలుంటే రెండు నెలలకు సరిపడా తెచ్చుకోండి.

పంది మాంసం అలవాటు లేని ఇళ్ల నుంచి వచ్చేవాళ్లు ముందే చెప్పేయండి: ‘హింది పో అకో కుమాకాయిన్ నాంగ్ బాబోయ్’. చర్చి ఏ మాంసాన్నీ నిషేధించదు, ఇది మీ అలవాటు మాత్రమే. మొదట్లోనే చెబితే వాళ్లు చేపో కోడో వండుతారు. పళ్లెంలో పెట్టాక మొహం ముడుచుకుంటే బాధపడతారు. నల్లగా చిక్కగా కనిపించే దినుగువాన్ కూర పంది నెత్తురుతో చేసేది, తెలిసి తినండి. లోపల పిల్ల తయారవుతున్న బాతు గుడ్డు బలూత్‌ని ప్రతి కొత్త మిషనరీ ముందూ పెట్టి తమాషా చూస్తారు. తినాలన్న నియమం ఎక్కడా లేదు.

సంఘం నియమం కాబట్టి టీ, కాఫీ మనం ఎలాగూ తాగం. అక్కడ ఇంటికెళ్తే కాఫీ ప్యాకెట్ కలిపి ఇస్తారు. మైలో (చాక్లెట్ మాల్ట్ పానీయం) ఉందా అని అడిగితే ఏ ఇల్లాలూ ఏమీ అనుకోదు.

ఖర్చు డబ్బు నెలనెలా కార్డులో పడుతుంది. వండుకుంటే సరిపోతుంది, బయట తింటే నాలుగో వారం సార్డిన్ డబ్బాలతో గడపాలి.

7. ఇల్లు, ఒళ్లు, తుఫాను

నీళ్లు బకెట్లో పట్టుకుని మగ్గుతో స్నానం, అక్కడ ఆ మగ్గు పేరు తాబో. తాగే నీళ్లు పెద్ద క్యాన్లలో నింపించుకోవాలి. కుళాయి నీళ్లు తాగకండి. బట్టలు చేత్తో ఉతుక్కోవడమే ఎక్కువచోట్ల. తెల్ల చొక్కా కాలర్ రోజూ రాత్రి సబ్బు రాసి రుద్దండి, పీ-డే దాకా ఉంచితే ఆ మురికి వదలదు. వానాకాలంలో ఆరవు, అందుకే ఒక చొక్కా ఎక్కువే ఉంచుకోండి.

కుక్కల గురించి నవ్వులాటగా తీసుకోవద్దు. వీధుల్లో వదిలేసిన కుక్కలు ఎక్కువ, రేబిస్ ఉన్న దేశం. కరిచినా, గీరినా 15 నిమిషాలు ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో కడిగి, అదే రోజు జంతు కాట్లకు వైద్యం చేసే కేంద్రానికి వెళ్లండి. ‘రేపు చూద్దాం’ అనే కంపానియన్ మాట వినకండి.

జ్వరం వస్తే పారాసెటమాల్ తప్ప ఇంకేమీ వేసుకోకండి. డెంగ్యూ అయితే ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ రక్తస్రావానికి దారి తీస్తాయి. వరద నీళ్లలో దిగాల్సి వస్తే కాలికి పుండు, గీత లేకుండా చూసుకోండి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల వల్ల లెప్టోస్పైరోసిస్ వస్తుంది. వరదలో నడిచామని మిషన్ ఆఫీసుకు చెబితే ముందుజాగ్రత్త మందు డాక్టర్ రాసిస్తారు. ఒంట్లో బాగాలేదని చెప్పడానికి మనవాళ్లు సిగ్గుపడతారు, విశ్వాసం తక్కువనుకుంటారేమోనని. ఎవరూ అనుకోరు.

తుఫాన్లకు జూన్ నుంచి నవంబరు ముఖ్యమైన కాలం. అక్కడి వాతావరణ శాఖ పగాసా 1 నుంచి 5 వరకు సిగ్నల్ ఇస్తుంది. ప్రెసిడెంట్ కదలొద్దంటే కదలకండి, కదలమంటే అన్నం కుక్కర్ పొయ్యి మీదున్నా కదలండి. 2013 నవంబరు 8న యొలాండా తుఫాను తక్లోబాన్ నగరాన్ని తుడిచిపెట్టినప్పుడు ఆ మిషన్‌లో ఉన్న 204 మంది మిషనరీలూ ప్రాణాలతో బయటపడ్డారు. హుద్‌హుద్ చూసిన విశాఖ పిల్లలకు దీని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఒక సంచిలో మూడు రోజుల నీళ్లు, తిండి, టార్చి, పాస్‌పోర్టు కాపీ, మందులు ఎప్పుడూ కట్టి ఉంచండి. తుఫాను తర్వాత పసుపు రంగు జాకెట్లు వేసుకుని సభ్యులతో కలిసి బురద ఎత్తే పని ఉంటుంది. గేట్ల దగ్గర నెలల తరబడి మాట్లాడని వీధి ఆ పనిలో ఒక్క పూటలో దగ్గరవుతుంది.

8. పీ-డే, ఇంటి ఫోను

వారంలో ఒక రోజు, సాధారణంగా సోమవారం, సాయంత్రం దాకా మీదే. బట్టలు, సరుకులు, జుట్టు కత్తిరింపు, బాస్కెట్‌బాల్. క్రికెట్ సంగతి అక్కడ ఎవరికీ తెలియదు, బంతి బుట్టలో వేయడం నేర్చుకోండి.

2019 ఫిబ్రవరికి ముందు ఇంటికి ఏడాదికి రెండుసార్లే ఫోన్, అదీ క్రిస్మస్‌కి, మదర్స్ డేకి. ఇప్పుడు ప్రతి పీ-డేకీ వీడియో కాల్ చేయొచ్చు. మనకన్నా ఫిలిప్పీన్స్ రెండున్నర గంటలు ముందుంటుంది. అక్కడ ఉదయం తొమ్మిదంటే రాజమండ్రిలో ఆరున్నర, అమ్మ పాలు కాస్తుంటుంది, నాన్న ఇంకా పనికి వెళ్లలేదు. ఆ వేళ బాగుంటుంది. నలభై నిమిషాలు చాలు. మూడు గంటలు మాట్లాడితే ఆ రోజంతా మనసు ఇంట్లోనే ఉండిపోతుంది, మంగళవారం కాళ్లు కదలవు.

ఇంట్లోవాళ్లతో ముందే ఒక మాట అనుకోండి: మంచి కబురైనా చెడు కబురైనా దాచొద్దని. అక్క పెళ్లికి మీరు ఉండరు. తాతయ్య పోతే కడచూపు దక్కకపోవచ్చు. ఇవి వెళ్లాక తెలుసుకునే విషయాలు కావు, వెళ్లేముందే తాతయ్య పక్కన కూర్చుని మాట్లాడుకోవాల్సినవి. అలాంటి కబురు వచ్చిన రోజు పని మానేసి ప్రెసిడెంట్‌తో మాట్లాడండి, ఏడవాలనిపిస్తే ఏడవండి.

నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటితే అది ఇంటి మీద బెంగ మాత్రమే కాదు. మిషన్ ద్వారా కౌన్సెలర్‌తో మాట్లాడే ఏర్పాటు ఉంటుంది, అడగండి. ఆరోగ్యం బాగోక గడువుకు ముందే తిరిగొచ్చినవాళ్లను మన ఊళ్లలో గుచ్చి గుచ్చి అడుగుతారు. ఆ అడిగేవాళ్లకు జవాబు చెప్పే బాధ్యత మీది కాదు.

9. చివరి ఆరు వారాలు

తిరుగు టికెట్ తేదీ తెలిశాక రోజులు లెక్కపెట్టడం మొదలవుతుంది. ఆ తేదీ కంపానియన్‌కి తప్ప ఎవరికీ చెప్పకండి, పని చల్లబడిపోతుంది. మీరు కలిసిన మనుషుల వివరాలు, ఎవరికి ఏ పాఠం అయింది, ఎవరి ఇంట్లో కుక్క కరుస్తుంది, అన్నీ యాప్‌లో ఎక్కించండి. కుక్కర్ తర్వాత వచ్చేవాళ్లకు వదిలేయండి. తల్లిలా చూసుకున్న సభ్యుల చిరునామాలు విడిగా రాసుకోండి.

ఇంటికి చేరగానే స్టేక్ ప్రెసిడెంట్‌ని కలిసి సేవ నుంచి రిలీజ్ అయ్యేదాకా మీరు మిషనరీయే. విమానాశ్రయంలో చిన్ననాటి స్నేహితురాలు ఎదురొచ్చినా కరచాలనమే. తర్వాతి ఆదివారాల్లో రిపోర్ట్ ప్రసంగం ఉంటుంది. పది నిమిషాల్లో ముగించండి, మిగతాది అడిగినవాళ్లకే చెప్పండి. ఆ నెలలోనే కాలేజీ అడ్మిషన్ల తేదీలు చూసుకోండి. ఫీజు కట్టడం కష్టమైతే సంఘం ఆన్‌లైన్‌లో నడిపే పాత్‌వే చదువు తక్కువ ఖర్చుతో అవుతుంది, ఉద్యోగం చేసుకుంటూ చదువుకోవచ్చు. దాని వివరాలు మీ బిషప్ దగ్గర ఉంటాయి.